చివరి సైకిలు వెనుక వచ్చే బండి

(యువజనుల కూడికలో ఒక గురువుగారు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంత్రము "ఓర్పు" అను అంశము మీద మాట్లాడమని యువజన సంఘ కార్యదర్శి నన్ను కోరాడు. ఓర్పు మీద కాకుండా ఒక సైకిలు ప్రయాణమును గురించి చెప్పవచ్చునా అని అడిగాను. అతడు కొంచెము సేపు ఆలోచించి, "అందులో వాక్యము ఉంటుందా అయ్యగారూ?" అన్నాడు. ఉంటుందని మాట ఇచ్చాను. వేదాంత కళాశాలలో ప్రసంగశాస్త్రము చదివినవాడిని గనుక ఏ సంగతినైనా మూడు భాగములు చేసి, చివర ఒక కీర్తన తగిలించుట నాకు పెద్ద పని కాదు. కాని ఈ సంగతి మూడు భాగములకు లొంగలేదు. జరిగినది జరిగిన వరుసలో చెప్తాను, వినండి.

2023 జనవరి 26వ తేదీ, గురువారము. ఖమ్మములో జెండా వందనము చూసికొని, ఉదయము ఏడున్నరకు 34 మందిమి సైకిళ్ళ మీద బయలుదేరాము. మొదటి రోజు వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెము. రెండవ రోజు పాల్వంచ దాటి అడవి దారిన భద్రాచలము. మూడవ రోజు గోదావరి ఒడ్డున దుమ్ముగూడెము, పర్ణశాల చూసి తిరిగి భద్రాచలము. నాలుగవ రోజు ఆదివారము, కొత్తగూడెములో ముగింపు. అంతా కలిసి సుమారు 230 కిలోమీటర్లు. మాలో ఆరుగురు స్త్రీలు. అందరికంటె పెద్దవాడు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయిన 63 ఏళ్ళ పెద్దమనిషి. చిన్నది ఇంటరు చదివే పిల్ల. క్రైస్తవులము ఏడెనిమిది మందిమి మాత్రమే. ఇది సంఘ కార్యక్రమము కాదు. మన సంఘములో బ్యాంకు ఉద్యోగము చేసే ఒక తమ్ముడు తన స్నేహితులతో కలిసి ఏర్పాటు చేసిన యాత్ర.

నేను ఎందుకు వెళ్ళానంటే, మొదటి కారణము చక్కెర. నలభై నాలుగవ ఏట డాక్టరుగారు రక్త పరీక్ష కాగితము చూసి, "అయ్యగారూ, ప్రతి ఇంటిలోను టీ త్రాగుట మానండి, రోజూ ఒళ్ళు కదిలించండి" అన్నారు. సంఘ కాపరి టీ మానితే ఇంటివారు నొచ్చుకుంటారు. ఒళ్ళు కదిలించుటే సులభమని సైకిలు కొన్నాను. మొదటి వారము ఖమ్మము వీధులలో నన్ను చూసిన ఒక ముసలి తల్లి, "పెట్రోలు అంత పిరమైందా అయ్యగారూ?" అని జాలిపడి పది రూపాయలు చేతిలో పెట్టబోయింది.

రెండవ కారణము మా నాన్నగారు. ఆయన ఉపదేశి. హెర్క్యులిస్ సైకిలు ఒకటి ఉండేది ఆయనకు. ముందు డైనమో లైటు, వెనుక క్యారియరు మీద గుడ్డసంచిలో బైబిలు, కీర్తనల పుస్తకము, ఒక జత బట్టలు. శనివారము ఉదయము వెళ్ళి సోమవారము వచ్చేవారు. చిన్నప్పుడు ఆ సైకిలును తలచుకొని నేను సిగ్గుపడేవాడిని. తోటి పిల్లల తండ్రులకు స్కూటర్లు ఉండేవి. నేను చదువుకొని, అభిషేకము పొంది, కారు కొన్న దినమున ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మంచిదే నాయనా. వాగులు దాటుతుందా?" అని మాత్రము అడిగారు. అప్పుడు నవ్వాను.

ఇక ఈ యాత్ర ఏర్పాటు ఎట్లుంటుందో కొంచెము చెప్పాలి. మీలో చాలామందికి ఒంటరిగా సైకిలు తొక్కుట తెలుసు, ఇట్లా తోడుతో తొక్కుట తెలియదు. మన బట్టల సంచులు మనము మోయనక్కర లేదు. వాటికి చీటీలు కట్టి ఒక మినీ లారీలో వేస్తారు. సాయంత్రము బసలో మన సంచి మనకు అందుతుంది. మలుపు వచ్చిన ప్రతి చోట తారు రోడ్డు మీద సుద్దతో బాణము గుర్తు. ప్రతి 20 కిలోమీటర్లకు ఒక మజిలీ. అక్కడ నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ, అరటిపండ్లు, పల్లీ చిక్కీ, ఓఆర్ఎస్ పొట్లాలు. పంక్చరు వేయుటకు, తెగిన చైను కలుపుటకు ఒక మెకానిక్కు. ముందు దారి చూపే మనిషి ఒకడు, అందరికంటె వెనుక ఒకడు. ఆ వెనుకవాడు ఎవ్వరినీ దాటిపోకూడదు, అదే అతని పని. అతని వెనుక మెల్లగా ఆ మినీ లారీ. తొక్కలేనివారిని సైకిలుతో సహా ఎక్కించుకొని వస్తుంది. మధ్యాహ్నము ఒంటిగంటకు భోజనము చోటికి చేరనివారిని బండి ఎక్కించుట నియమము.

ఈ పద్ధతి మనవాళ్ళు కొత్తగా కనిపెట్టినది కాదు. ఫ్రాన్సులో ఏటా జరిగే పెద్ద సైకిలు పందెములో, పిరనీసు పర్వతముల ఎత్తైన కనుమలను మొదటిసారి దారిలో చేర్చిన 1910లోనే ఇట్టి బండిని పెట్టారు. వెనుకబడినవారిని ఊడ్చుకొని వస్తుంది గనుక దానికి వారి భాషలో చీపురు బండి అని పేరు. అమెరికాలోని అయోవా రాష్ట్రములో 1973లో పత్రికలో వ్రాసే ఇద్దరు పాఠకులను వెంట రమ్మని పిలిచి రాష్ట్రము ఆ కొస నుండి ఈ కొసకు తొక్కారు. ఆ పిలుపు నుండి ఒక పెద్ద వార్షిక యాత్రే పుట్టింది. మన దక్షిణ దేశములో నీలగిరుల యాత్ర 2008లో మొదలయింది. ఇవన్నీ మా బ్యాంకు తమ్ముడు చెప్పగా తెలిసినవి. వినగానే నేను వాళ్ళందరి ముందు ఒక మాట అన్నాను: "చీపురు బండి మాత్రము నేను ఎక్కను."

ఆ మాటలో ఎంత గర్వమున్నదో నాకు అప్పుడు తెలియదు.

మొదటి రోజు బాగా గడిచింది. మూడు నెలలు అభ్యాసము చేశాను గదా. సీటు ఎత్తు సరిగా పెట్టుట, అంటే పెడలు క్రిందికి వచ్చినప్పుడు కాలు దాదాపుగా చాచుకొనేట్టు పెట్టుట, ఎత్తు రాకముందే గేరు తగ్గించుట, దాహము వేయకముందే నీళ్ళు త్రాగుట, అన్నీ నేర్చుకొన్నాను. దారికి ఇరుప్రక్కల మిరప కోతలు. తల్లాడ దాటాక కల్లాలలో ఆరబోసిన మిరపకాయల ఎరుపు చూస్తూ, ఘాటుకు తుమ్ముతూ పోయాము. ఏన్కూరు దాటాక గాలి మారి అడవి వాసన మొదలయింది. కొత్తగూడెము దగ్గరపడగా బొగ్గు లారీలు ఎదురయ్యాయి. లారీ వచ్చినప్పుడు ఒకరి వెనుక ఒకరుగా ఎడమ అంచుకు జరిగి, వెనుకనున్నవాడు "బండీ!" అని కేక వేయాలి. ఆ కేక 34 మంది గుండా ముందుకు పాకుతూ పోవుట వినుటకు ఎంతో బాగుంటుంది. కొత్తగూడెము స్టేషనుకు "భద్రాచలం రోడ్డు" అని పేరు. అక్కడి నుండి భద్రాచలము ఇంకను 40 కిలోమీటర్లు. రైలు దిగి గుడి ఎక్కడని అడిగిన యాత్రికులను గూర్చి మా గార్డుగారు రాత్రి భోజనమప్పుడు చెప్తూ ఉంటే కడుపులు పట్టుకొని నవ్వాము. 80 కిలోమీటర్లు తొక్కిన కాళ్ళు నవ్వినా నొప్పి పుట్టాయి.

రెండవ రోజు సంగతికి వస్తాను. ఇది చెప్పుటకే నేను ఇక్కడ నిలబడ్డాను.

పాల్వంచ దాటి కొంత దూరము పోయిన తరువాత మజిలీ ఒకటి పెట్టారు. ఎక్కడ పెట్టాలో మాకు ముందుగా చెప్పరు. టేకు చెట్ల నీడలో మజ్జిగ క్యాన్లు కనబడగానే సైకిలు దిగాను. దిగి చూస్తే ఆ చోటు నాకు తెలిసిన చోటు. ప్రక్కన ఎర్రమట్టి బాట ఒకటి అడవిలోకి పోతుంది. మూడు కిలోమీటర్లు పోతే వాగు, వాగు అవతల ఒక కోయ గూడెము. అక్కడ పదకొండు కుటుంబములు మన సంఘస్థులు. 2014 నుండి 2019 వరకు ఆ పాస్టరేటుకు నేను కాపరిని.

ఆ అయిదేండ్లలో నేను ఆ గూడెమునకు రెండు సార్లు వెళ్ళాను.

కారు ఆ బాటలో పోదు. అడుగు రాళ్ళకు తగులుతుంది. వానకాలములో వాగు దాటదు. ఉపదేశిగారు ప్రతి ఆదివారము వెళ్ళేవాడు, కూటములు జరిగేవి. ఏటా నేను పంపిన నివేదికలో "అన్ని కూటములు క్రమముగా సందర్శించబడినవి" అని వ్రాసేవాడిని. అది అబద్ధము కాదని నాకు నేను చెప్పుకొనేవాడిని. తెలుగులో ఈ "బడినవి" అనే మాట మా గురువులకు చాలా ఉపకారము చేస్తుంది. ఎవరు వెళ్ళారో అందులో కనబడదు.

మజ్జిగ త్రాగుచుండగా కట్టెల మోపుతో ఒక స్త్రీ ఆ బాటలో నుండి రోడ్డు మీదికి వచ్చింది. నన్ను చూసి నిలబడింది. హెల్మెట్టు, పసుపుపచ్చ జాకెట్టు వేసికొన్నవాడిని ఎట్లా గుర్తుపట్టిందో. మోపు దించి, చేతులు జోడించి, "వందనాలయ్యగారూ" అన్నది. సైకిలును పైనుండి క్రింది దాకా చూసింది. "ఇన్నాళ్ళకు సైకిలు దొరికిందా అయ్యగారూ?" అన్నది.

ఎత్తిపొడుపు కాదు, అది నేను ప్రమాణపూర్వకముగా చెప్పగలను. నాకు సైకిలు లేక రాలేదని వాళ్ళు అనుకొన్నారు. ఇప్పుడు దొరికినందుకు ఆమె సంతోషించింది. "ఇంకేం, రండి" అని కట్టెల మోపు అక్కడే వదలి ముందు నడిచింది.

మా వెనుక మనిషితో, నాకు కొంచెము పని ఉన్నది, మీరు పొండి అన్నాను. అతడు పోకూడదు గదా. "మీరు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను" అన్నాడు. మినీ లారీ డ్రైవరు కూడ ఇంజను ఆపి బీడీ వెలిగించాడు.

వాగులో జనవరి గనుక మోకాలి లోతు నీళ్ళే. సైకిలును భుజాన వేసికొని దాటాను. పది నిమిషముల పని. గూడెములో మగవారు చాలామంది కూలికి వెళ్ళారు. ప్రార్థనశాల పాకకు 2022 వానలలో ఒక ప్రక్క కప్పు పోతే తాటాకు వేసి సరిచేసికొన్నారు. ఆ తల్లి తన ఇంటి ముందు మంచము వాల్చి, నీళ్ళు ఇచ్చి, అత్తగారిని గూర్చి చెప్పింది. ఆమె నాకు జ్ఞాపకమున్నది. 2018లో జబ్బుపడి ప్రభు సంస్కారము కావాలని అడిగింది. రెండు ఆదివారములు ఉపదేశిగారి చేత నాకు కబురు వచ్చింది. వాగు తగ్గాక వస్తానని కబురు పంపాను. వాగు తగ్గింది. ఈలోగా ఆమె పోయింది. "ఉపదేశయ్యే మట్టి చేసిండు" అన్నది కోడలు. అన్నప్పుడు కూడ ఆమె స్వరములో నా మీద కోపము లేదు. ఉంటే నాకు కొంత మేలుగా ఉండేది.

లేవబోతూ ఉంటే లోపలికి పోయి ఒక డబ్బా తెచ్చి చూపించింది. పిడికెడు బియ్యము డబ్బా. మీకందరికి తెలిసిన ఆచారమే. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు ప్రక్కకు తీసి దేవుని పని కొరకు ఉంచుట. నెల నెలా ఆ గూడెము నుండి బియ్యపు మూట నా దగ్గరకు తప్పకుండా వచ్చేది. వాగు పొంగినా వచ్చేది. బియ్యము దాటిన వాగును నేను దాటలేదు.

తిరిగి రోడ్డు మీదికి వచ్చేసరికి గంటన్నర ఆలస్యము. వెనుక మనిషి, డ్రైవరు, ఇద్దరూ ఉన్నచోటనే ఉన్నారు. ఒక్క మాట అడగలేదు. ఆలస్యము పూడ్చాలని, ఇంకొక కారణము చేత కూడ, నేను చాలా వేగముగా తొక్కాను. అరటిపండు తినలేదు, నీళ్ళు త్రాగలేదు. చేయకూడదని నేర్చుకొన్నవన్నీ చేశాను. ఎనిమిది కిలోమీటర్లు పోయానేమో, ఒక చిన్న ఎత్తు మీద కుడి పిక్క పట్టేసింది. రాయిలాగ బిగుసుకొన్నది. దిగి రోడ్డు ప్రక్క కూర్చుంటే రెండవ కాలు కూడ పట్టింది. చెమటతో ఉప్పు, నీరు పోయి, అలసిన కండరమును ఇంకను అదిమితే ఇట్లా అవుతుందని మెకానిక్కు తమ్ముడు తరువాత చెప్పాడు. వెనుక మనిషి నా మడమ పట్టుకొని పాదమును మెల్లగా మోకాలి వైపు వంచాడు. నొప్పికి అరిచాను. గురువులము అరవకూడదని ఎక్కడా వ్రాసి లేదు.

మినీ లారీ వచ్చి ప్రక్కన ఆగింది. డ్రైవరు దిగి నా సైకిలును ఎత్తి లోపల పెట్టాడు. నేను "వద్దు, పది నిమిషాలు ఆగితే..." అంటున్నాను. అతడు వినలేదు. అప్పటికే ఒంటిగంట దాటింది. ఇద్దరూ చెరొక ప్రక్క పట్టుకొని నన్ను బండిలో సంచుల మీద కూర్చోబెట్టారు.

బండిలో నాకంటె ముందుగా ఇంటరు పిల్ల ఉన్నది, గేరు తీగ తెగి. నన్ను చూసి, "నేను ఎక్కాల్సినదాన్ని కాదంకుల్, సైకిలు పాడయింది కాబట్టి" అన్నది. డ్రైవరు ముందు నుండి నవ్వాడు. "ఎక్కిన ప్రతి ఒక్కరూ అదే మాట చెప్తరు సార్. ఇన్ని యాత్రల్ల నేను ఎక్కాల్సినోడినే అని చెప్పి ఎక్కినోడు ఒక్కడు లేడు."

అతడు సైకిలు తొక్కడు. ఆ మెల్లని వేగములో క్లచ్చు తొక్కీ తొక్కీ అతని ఎడమ కాలు కూడ సాయంత్రానికి మా కాళ్ళలాగే ఉంటుందట. 2022 జూలైలో భద్రాచలము దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఇదే బండిలో ముంపు ఊళ్ళ వాళ్ళను పునరావాస కేంద్రములకు చేర్చాడట. "అప్పుడు కూడ అంతే సార్. ముందు ఎవ్వరూ ఎక్కమనే అన్నరు."

కార్యదర్శికి మాట ఇచ్చిన వాక్యము ఇక్కడ వస్తుంది. మార్కు సువార్త రెండవ అధ్యాయములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చి ఇంటి కప్పు విప్పి దించిన సంగతి మీకు తెలుసు. ఆ భాగము మీద నేను కనీసము పది ప్రసంగములు చేసి ఉంటాను. ప్రతిసారి ఆ నలుగురి విశ్వాసమును గూర్చి చెప్పాను, మీరును ఆ నలుగురివలె ఉండండి అన్నాను. ఎందుకంటే నన్ను నేను మోసేవారిలో ఒకనిగానే ఎల్లప్పుడు లెక్కించుకొన్నాను. మంచము మీదివాడు ఆ కథలో ఒక్క మాట మాట్లాడడు. మనుష్యుల తలల మీదుగా, మట్టి రాలుచుండగా దిగుతూ అతనికి ఎట్లా ఉండెనో నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఆ మధ్యాహ్నము సంచుల మీద రెండు కాళ్ళు చాచుకొని, గతుకు వచ్చినప్పుడల్లా మూలుగుతూ, మొదటిసారి ఆలోచించాను. పదకొండు కుటుంబములు అయిదేండ్లు నన్ను పిడికెడు పిడికెడుగా మోసినవి. నేను కాపరిని అనుకొన్నాను. వారి బండిలో ఉన్నది నేను.

భద్రాచలము వంతెన మీద బండి ఆపమని అడిగాను. దిగి కుంటుతూ నడిచి దాటాను. 1965లో ఈ వంతెన ప్రారంభమయ్యేవరకు ఇక్కడ పడవలే. నదికి మూడు ప్రమాద హెచ్చరికలు, 43, 48, 53 అడుగులు. 1986 ఆగస్టులో 75 అడుగులు దాటింది. జనవరిలో చూస్తే ఆ నది ఇదేనా అనిపిస్తుంది, ఇసుక తిప్పల మధ్య సన్నగా పారుతూ.

ఆ రాత్రి నిర్వాహకుల దగ్గరకు పోయి, రేపు నన్ను చిట్టచివర వేయండి అని అడిగాను. వెనుక మనిషికి తోడుగా. వారు ఒప్పుకొన్నారు. కాలు బాగుంటేనే అన్నారు. రాత్రంతా ఉప్పు నీళ్ళు త్రాగాను, చక్కెర సంగతి డాక్టరుగారికి తెలియకుండునుగాక, రెండు అరటిపండ్లు తిన్నాను.

మూడవ రోజు తెల్లవారుజామున హిందూ సోదరులు రామాలయమునకు వెళ్ళి వచ్చేవరకు మేము వేచి ఉన్నాము. మరునాడు ఆదివారము మేము ఆరాధనకు వెళ్ళినప్పుడు వారు వేచి ఉన్నారు. ఇందులో ఎవ్వరికి ఏ ఇబ్బంది కలుగలేదు.

చివరనుండి తొక్కుట వేరే విద్య. ముందున్నవాడు ఎంత మెల్లగా పోతే అంత మెల్లగా పోవాలి. అతనికి మన ఊపిరి మెడ మీద తగిలినట్టు ఉండకూడదు. ఆ రోజు అందరికంటె వెనుక గార్డుగారు. గంటకు పన్నెండు కిలోమీటర్లు. ముప్పది ఏండ్లు రైలు చివరి పెట్టెలో కూర్చొని ప్రయాణించినవాడు గనుక వెనుక ఉండుట ఆయనకు అలవాటే. "అయ్యగారూ, ఇంజను డ్రైవరుకు ఎదురుగా వచ్చేదే కనబడుతుంది. దాటిపోయినది గార్డుకు కనబడుతుంది" అన్నారు. నిజమే. ఆ వేగములో పోతే ప్రతి బాట కనబడింది. రోడ్డు నుండి లోపలికి పోయే ఎర్ర బాటలు, చివర నాలుగు కప్పులు, ఒక బోరింగు. కారులో ఎన్నోసార్లు పోయిన దారి. ఆ బాటలు ఉన్నవని నాకు తెలియదు. తొమ్మిది వరకు లెక్కపెట్టి మానివేశాను.

దుమ్ముగూడెము భద్రాచలమునకు ఎగువన సుమారు 25 కిలోమీటర్లు. మన సంఘ చరిత్రలో ఆ ఊరికి ఉన్న స్థానము యువకులు కొంచెము తెలిసికోవాలి. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన ప్రకారము ఎగువ గోదావరిలో పడవలు నడిపించుటకు అక్కడ ఆనకట్ట, కాలువ, లాకులు కట్టుట మొదలుపెట్టారు. ఆ పనుల మీద ఉన్న ఇంజనీరు హేగ్ దొర 1860 ప్రాంతములో అక్కడ కోయల మధ్య సువార్త పనికి పునాది వేశాడు. ఆ పనులలో ఉద్యోగము చేయుచుండిన వెంకటరామరాజుగారు ఉద్యోగము వదలి సువార్తికుడయ్యాడు. తరువాత వచ్చిన జాన్ కెయిన్ దొరగారు కోయల భాష, ఆచారములు శ్రద్ధగా నేర్చుకొని, భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి 1876లోనే ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో వ్యాసములు వ్రాశారు. ఇక్కడ డోర్నకల్‌లో 1912లో అధ్యక్షులైన అజరయ్యగారు ఎద్దుబండి మీద గ్రామములు తిరిగారు. వీరెవరికి వెనుక చీపురు బండి లేదు అని నేను మొదట అనుకొన్నాను. గార్డుగారు ఆనకట్ట రాళ్ళ మీద కూర్చొని వేరుశనగలు తింటూ, "లేకపోవడమేమిటి? ఎక్కడికక్కడ ఎవరో అన్నము పెట్టి, రాత్రి పడుకోనిచ్చి ఉంటారు గదా. వారి పేర్లు మీ చరిత్రలో వ్రాశారా?" అని అడిగారు. ఆయన క్రైస్తవుడు కాడు. నేను జవాబు చెప్పలేదు.

పడవల పథకము 1871లో ఆపివేశారు. లాకు గోడలు ఇంకను ఉన్నవి, మీరు వెళ్ళి చూడవచ్చును.

పర్ణశాల దాటి కాసేపు నది ఒడ్డున కూర్చొని, తిరుగు దారిన చీకటి పడకముందే భద్రాచలము చేరాము. ఆ రోజు బండి ఎవ్వరూ ఎక్కలేదు. డ్రైవరు కొంచెము నిరుత్సాహపడినట్టు నాకు తోచింది. నాలుగవ రోజు ఉదయము ఆరాధన ముగించుకొని అదే అడవి దారిన కొత్తగూడెము వచ్చాము. ఎర్రమట్టి బాట దగ్గర మజిలీ లేదు గాని నేను దిగి ఒక నిమిషము నిలబడ్డాను. కట్టెల మోపు అక్కడ లేదు.

ఆ పాస్టరేటు ఇప్పుడు నాది కాదు. ఒకరి పొలములో ఇంకొకరు దున్నకూడదు. అందుచేత అక్కడి గురువుగారికి ఉత్తరము వ్రాసి, జరిగినది ఇట్లని చెప్పి, అనుమతి అడిగాను. ఆయన, "మనమిద్దరము కలిసి పోదాము, నాకు సైకిలు తెచ్చిపెట్టండి" అన్నారు. ఆ సంవత్సరమే శ్రమల కాలములో ఒక శనివారము ఇద్దరము వెళ్ళాము. సంస్కార పాత్రలను తువ్వాలలో చుట్టి, నాన్నగారు కట్టినట్టే క్యారియరుకు కట్టాను. పదకొండు కుటుంబములు పదమూడు అయినవి. కొత్త కోడళ్ళు నన్ను ఎరుగరు. పెద్దామెను మట్టి చేసిన చోటికి తీసికొనిపోయారు. అక్కడ నేను ఏమి ప్రార్థించానో ఇక్కడ చెప్పను.

ఇప్పుడున్న నా పాస్టరేటులో కారు పోని కూటములు నాలుగు ఉన్నవి. గత సంవత్సరపు నివేదికలో వాటి పేర్లు వ్రాసి, ప్రతి దాని ఎదుట నేను వెళ్ళిన తేదీలు వేశాను. ఒకదానికి ఎదుట ఒకే తేదీ ఉన్నది. అది కూడ అట్లాగే వ్రాశాను.

చివరగా ఒక ప్రకటన. మన యువజనులు ఈ దారినే, దుమ్ముగూడెము వరకు, ఒక యాత్ర చేయదలచారు. తొక్కుటకు పేర్లు ఇచ్చినవారు నిన్నటికి 41 మంది అని కార్యదర్శి చెప్పాడు. సంతోషము. మజిలీలలో మజ్జిగ పోయుటకు ముగ్గురు ఇచ్చారు. చిట్టచివర వచ్చుటకు ఒక్కరును ఇవ్వలేదు, ఆ స్థలమునకు నా పేరు వ్రాసికొన్నాను. బండి నడుపుటకు ఇద్దరు కావాలి, లైసెన్సు ఉండాలి. క్లచ్చు మీద ఓపిక ఉండాలి. కూడిక ముగియగానే వాకిలి దగ్గర పుస్తకము పెట్టుకొని కూర్చుంటాను.